ఊపిరి గుర్తుచేసే మందు

“చేతులు చాపండి అత్తయ్యా, ఒక్క నిమిషం ఎత్తుకుందురుగాని,” అంది కోడలు.

అత్తగారు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. “నాకొద్దు. నర్సుకివ్వు.”

పాప పుట్టి తొమ్మిది రోజులైంది. రెండు నెలలు ముందే పుట్టడంతో అప్పటినుంచీ ఆస్పత్రిలో పసిపిల్లల వార్డులోనే ఉంది. అత్తగారు రోజూ ఠంచనుగా వస్తుంది, కళ్లప్పగించి చూస్తుంది, వేలు కూడా తగిలించదు. ఇంట్లో ఉయ్యాలను సైతం కోడలి మంచానికి దూరంగా, అవతలి గోడవారకు జరిపించిందట. ఆ సంగతి భర్త నోట విన్నప్పటినుంచీ కోడలికి కడుపు రగిలిపోతోంది.

“ఆడపిల్ల పుట్టిందనేగా అత్తయ్యా?” అనేసింది ఉండబట్టలేక.

“పిచ్చిమాటలు మాట్లాడకు.”

నర్సు పాపను అందుకుని గాజుపెట్టెలో పడుకోబెట్టి, ముక్కులోని సన్నటి గొట్టం ద్వారా మందు ఎక్కించసాగింది.

“అదేం మందమ్మా?” అడిగింది అత్తగారు.

“కెఫీన్ అండీ. కాఫీలో ఉంటుందే, అదే.”

“నెత్తురుగుడ్డుకి కాఫీయా?”

“పాలూ పంచదారా కలపలేదులెండి,” నర్సు నవ్వింది. “నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మర్చిపోతారు. ఈ మందు గుర్తుచేస్తుంది.”

ఆ మాట పూర్తయిందో లేదో, పక్కనున్న మిషన్ కూత పెట్టింది. పాప గుండెల మీద కదలిక ఆగిపోయింది. పెదవులు నీలంగా మారాయి. నర్సు మాత్రం తొణక్కుండా పాప అరికాలు రుద్దింది. పాప ఉలిక్కిపడి, ఒళ్లు విరుచుకుని, ఊపిరి అందుకుంది.

“మందు ఒంటబట్టేదాకా అప్పుడప్పుడు ఇంతే. అందుకేగా మేం కాపలా కాస్తున్నది,” అంది నర్సు.

అత్తగారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“ఈ మందూ మిషనూ లేని రోజుల్లో?” అంది.

“లేచి చూసేసరికి పోయి ఉండేవాళ్లు, పాపం. ఎందుకు పోయారో ఎవరికీ తెలిసేది కాదు.”

“తల్లి పక్కలో పడుకున్నా?”

“పక్కలో ఉన్నా జరగొచ్చు.”

“తల్లి వల్ల ఏ తప్పూ లేకపోయినా?”

“తల్లి తప్పేముందండీ ఇందులో?”

అత్తగారు అక్కడున్న స్టూలు మీద కూలబడిపోయింది. కోడలు కంగారుగా వెళ్లి భుజం పట్టుకుంది. “ఏమైంది అత్తయ్యా?”

ఆవిడకి ఆ మాట వినిపించినట్టు లేదు. గాజుపెట్టెలోకే చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

“అయితే నా మొదటి బిడ్డని నేను నిద్రలో నలిపెయ్యలేదన్నమాట.”