కార్జం తింటే మీసాలు

“ఆడపిల్ల కార్జం తింటే మీసాలొస్తయ్. చెయ్యి తియ్,” అంది మొగిలమ్మ, దసరా పూట వేపిన మేక కార్జం గిన్నెను మనవరాలికి అందకుండా జరుపుతూ.

అనసూర్య చెయ్యి తీయలేదు. నాయనమ్మ పైపెదవి మీది తెల్ల వెంట్రుకలను తేరిపార చూసింది.

“మరి నువ్వెప్పుడు తిన్నవ్ బాపమ్మా?”

“నేనెక్కడ తిన్న బిడ్డా. ఖిలా వరంగల్ల ఉన్నప్పుడు మా అవ్వ ముట్టనియ్యలే. పెండ్లయి కొత్తవాడకొచ్చినంక మా అత్త ముట్టనియ్యలే.”

“తినకపోయినా వచ్చినయ్ గదా.”

మొగిలమ్మ చెయ్యి తనంతట తానే పెదవి మీదికి పోయింది.

అవతల అనసూర్య వాళ్లన్న నర్సింగం నోటినిండా కార్జంతో, రేడియో పక్కన వేలాడే అద్దంలో మూతి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. పద్దెనిమిది నిండినా అక్కడ నూగు కూడా లేదు.

“నాకైతే ఒక్కటి గూడ మొలుస్తలేదు బాపమ్మా. జర ఇంకో నాలుగు ముక్కలెయ్యి,” అన్నాడు.

మొగిలమ్మ మనవడి మూతి చూసింది. తన మూతి తడుముకుంది. అత్త చచ్చిపోయి ఎన్ని దసరాలైందో. ఇంకా ఎవరికి భయపడుతున్నట్టు?

గిన్నె ఎత్తి సగం అనసూర్య పళ్లెంలో వొంపింది. మిగిలినదాంట్లోంచి ఒక ముక్క తీసి, గడప దిక్కు ఒకసారి చూసి, నోట్లో వేసుకుంది. నిమ్మళంగా నమిలింది. మొహం చిట్లించింది.

“పెండ్లయిన కాడి సంది వండుతాన్న. ఉప్పు తక్కువైతాందని ఈ ఇంట్ల మీసాలున్నోడు ఒక్కడన్న చెప్పలే.”