ఎర్రపట్టీలు

పదో తరగతికి ఆ పాత విషాద నాటకం మొదలుపెట్టిన రోజు నుంచీ వకుళ టీచరుకు బెంగగానే ఉంది. ఇప్పుడు పిల్లలందరి చేతులకూ ప్రేమలు పసిగట్టడానికి పెద్దలు కట్టించిన పట్టీలు. గుండె వేగం పెరిగితే పట్టీ ఎర్రగా వెలుగుతుంది. ఎవరెవరివి కలిసి వెలిగాయో కాసేపట్లో ఇళ్ళకు తెలిసిపోతుంది.

నాటకంలో పగబట్టిన ఇళ్ళ పిల్లలిద్దరూ తొలిసారి చూసుకునే ఘట్టం చదువుతుంటే, రెండే రెండు పట్టీలు వెలిగాయి. ఇందీవరది, యాకోబుది.

"మా నాన్న చంపేస్తాడు టీచర్," అంది ఇందీవర సన్నగా.

వకుళ పుస్తకం మూసేసింది. "అందరూ లేవండి. కత్తియుద్ధం ఆడదాం. బెంచీల చుట్టూ పరుగెత్తండి, ఎవరూ ఆగొద్దు."

నిమిషంలో నలభై పట్టీలూ ఎర్రబడ్డాయి.

ఇందీవర తండ్రి ఫోన్ చేశాడు. "నలభై పేర్లొచ్చాయేంటి టీచరమ్మా?"

"నాటకం పాఠమండీ," అంది వకుళ.

నాటకంలోని ప్రేమికులు చనిపోయే చివరి అంకం ఆ ఇద్దరి ముందు ఎలా చదవాలో మాత్రం ఆమెకు తోచలేదు.