తోడొచ్చిన గడ్డివామి

పారిస్‌లో పుట్టి పెరిగిన సెనామీ, బెనిన్‌లో ఉన్న తండ్రి ఊరికి రావడం అదే మొదటిసారి. ఉప్పుటేరు పొంగి బాట బురదైందని, బండి నడిపే డోసూ ఆమెను ఊరి బయటే దింపేశాడు. అప్పటికే చీకటి పడింది.

"అదుగో ఆ దీపమే మీ మేనత్తగారిల్లు, చెల్లీ. బాట వదలకుండా పో. ఈల మాత్రం వేయకు, మా రాత్రి కాపలావాడికి గిట్టదు."

"అతన్ని గుర్తుపట్టేదెలా?"

"గడ్డివామిలా ఉంటాడులే," అని నవ్వి బండి తిప్పుకున్నాడు.

నిజంగానే బాట పక్కన నిలువెత్తు గడ్డివామి ఉంది. ఆమె దాన్ని దాటి నడుస్తుంటే వెనక గడ్డి గరగరలాడింది. ఆగితే అదీ ఆగింది. భయపడి, దీపం వైపు అడ్డదారిన పడబోయేసరికి, వెనకున్న వామి ఎదురుగా నిలబడి ఉంది.

లోపల ఎవడో ఆకతాయి ఉన్నాడనుకుని ధైర్యం తెచ్చుకుంది. "ఆటలు చాలన్నా. ఉక్కపోయడం లేదూ? ముఖం చూపించు."

వామి మెల్లగా పక్కకు ఒరిగి, కింది అంచు పైకెత్తింది. వెన్నెల దాని లోపలిదాకా పడింది. ఎవరూ లేరు. దాని వెనకాల, ఆమె అడుగు వేయబోయిన చోట, చప్పుడు లేని నల్లటి నీళ్లు.

"అక్కడే నిలబడ్డావేమే పిల్లా?" దీపం దగ్గర్నుంచి ఫిఫామే అత్త కేకేసింది. "దాని వెంటే రా."

"అత్తా, దీన్లో మనిషి లేడు."

"ఉంటే నిన్ను అప్పగిస్తానా? మనూరి మగాళ్లకి పగలే దారి తెలీదు."

వామి నిటారుగా లేచింది. సెనామీ దాని అంచు పట్టుకుని నడిచింది. ఆ గడ్డి, మనిషి చేయిలా వెచ్చగా ఉంది.