డెమో రోగి

"ఆవిడ కొనదు గాక కొనదు. అంతదూరం పనిగట్టుకుని ఎందుకు వెళ్ళావ్?" ఫోన్‌లో మేనేజర్ ట్రెంట్ గొంతు కారంతా మోగింది.

గ్రాంట్ హౌగెన్ క్లినిక్ ముందు మంచులో కారు ఆపుకుని కూర్చున్నాడు. పొద్దున్నే ఫార్గోలో బయల్దేరితే ఇప్పటికి చేరాడు. దారిలో రెండు పెద్ద ఆసుపత్రులు తగిలినా ఆగలేదు.

"ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేముంది?" అన్నాడు.

"పెట్రోలు పోతుంది. వెళ్ళినవాడికల్లా కాఫీ, కేకు పెట్టి సాగనంపుతుందట ఆ ముసలావిడ. చూడు గ్రాంట్, నువ్వు జీతం లేని కమిషన్ మనిషివి. నెలాఖరులోగా ఒక్కటైనా అమ్మకపోతే నీ ప్రాంతం ఇంకొకడికి ఇచ్చేస్తా. తర్వాత నన్ననుకోవద్దు."

గ్రాంట్ ఫోన్ పెట్టేసి అరుగుదల బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నాడు. రోడ్డు పక్క బర్గర్ల మీద బతికే అమ్మకందారు జేబులో ఆ బిళ్ళలుండటం వింతేమీ కాదు. వాకిట్లో మెట్లు జారుతున్నాయి కాబట్టి, మధ్యలో ఆగి ఆగి ఎక్కాడు.

డాక్టర్ మెర్నా ఓల్‌స్టాడ్ చాలాకాలం పట్నంలో గుండె వైద్యం చేసి, అక్కడి హడావుడితో విసిగిపోయి, సొంతూళ్ళో ఈ చిన్న క్లినిక్ పెట్టుకుంది. ట్రెంట్ చెప్పినట్టే కాఫీ పోసింది. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు ముక్క ముందుకు జరిపింది.

"కేకు తినండి. మీ యంత్రం మాత్రం నాకొద్దు," అంది నవ్వుతూ.

"ఒక్కసారి చూసి వద్దనండి డాక్టర్‌గారూ. మీరు రోగితో మాట్లాడుతుంటే ఇది వింటుంది. కేసు షీటు తనే రాస్తుంది. బిల్లు తనే వేసి బీమా కంపెనీకి పంపుతుంది. మీరు కంప్యూటర్ వంక చూడక్కర్లేదు, హాయిగా రోగి మొహం చూడొచ్చు."

ఆ చివరి మాట ఆవిడకు నచ్చినట్టుంది. చేతిలో కప్పు కింద పెట్టింది.

"మరి రోగి ఏడీ?"

"నేనే. అమ్మేవాడే రోగి వేషం వెయ్యాలి, మా కంపెనీ పద్ధతి అది. ఏ ఊళ్ళో ఎవరు అమ్మినా ఒకడే రోగి, ఒకటే జబ్బు. పేరు వాల్టర్, వయసు యాభై రెండు." గ్రాంట్ టాబ్లెట్ కంప్యూటర్‌ను బల్ల మీద నిలబెట్టి మీట నొక్కాడు.

"చెప్పు వాల్టర్, ఏమిటి బాధ?"

"మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటుంది డాక్టర్‌గారూ. కాసేపు నిలబడితే పోతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం మొదలైనప్పటి నుంచి. ఈమధ్య వాకిట్లో మంచు తీస్తుంటే ఎడమ చెయ్యి కూడా లాగుతోంది."

"కదలకుండా కూర్చున్నప్పుడు?"

"మొన్న టీవీ చూస్తుంటే వచ్చింది."

"ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా?"

"మా నాన్నకి. ఇదే వయసులో పోయాడు."

"భలే నటిస్తున్నారే!" అంది ఆవిడ. తెర మీద అక్షరాలు బారులు తీరుతున్నాయి గానీ, ఆవిడ చూపు వాటి మీద లేదు. గ్రాంట్ మొహాన్నే చూస్తోంది. అతనికి ఆశ పుట్టింది.

"ఇన్నాళ్ళూ ఆసుపత్రికి ఎందుకెళ్ళలేదు వాల్టర్?"

గ్రాంట్ కాస్త తడబడ్డాడు. "బీమా లేదండీ. ఒకసారి ఆ గుమ్మం తొక్కితే ఇల్లు అమ్ముకోవాలి."

యంత్రం ఏమీ తడబడలేదు. బిల్లు రోగికే పంపాలని రాసిపెట్టింది. అది చదివి డాక్టర్ మొహం చిట్లించింది.

"అబ్బో, దీనికి బిల్లు మీద ఎంత శ్రద్ధో! చూడండి మిస్టర్ హౌగెన్, కొంటానని నేను మాటివ్వను. కానీ దీన్ని ఇంకొంచెం పరీక్షించాలనుంది. పక్కగదిలో ఈసీజీ తీస్తాను, అది కూడా రాస్తుందేమో చూద్దాం. ఆ కోటూ చొక్కా విప్పి పడుకోండి."

"దానికి మీ ఫీజు..."

"డెమో రోగికి బిల్లు వేస్తానా? నాకేం పిచ్చా?" అంటూ ఆవిడ పక్కగదిలోకి వెళ్ళింది. అంత పెద్దావిడ అంత చకచకా నడవటం గ్రాంట్‌కు ఆశ్చర్యమనిపించింది.

అతను కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మనసు తేలికపడింది. వచ్చిన పని అయ్యేట్టే ఉంది. చొక్కా బొత్తాలు తీస్తుండగా ఫోన్ మోగింది.

"ఏమైంది? కాఫీ తాగి బయల్దేరావా?" అన్నాడు ట్రెంట్ వెటకారంగా.

"లేదు. వాల్టర్‌ని ఇంకా వదల్లేదు ఆవిడ. ఈసీజీ కూడా తీస్తానంటోంది."

ట్రెంట్ గొంతులో వెటకారం పోయింది.

"వాల్టర్ మోకాలి నొప్పికి ఈసీజీ ఎందుకు?"