హెడ్లీ చెప్పిన నాలుగు తప్పులు

వాగు పొంగి రేవు వీధి మీద పడ్డాక ఇది మూడో వేసవి. ఆ ఏడు కెరెన్సా పేస్టీల దుకాణంలో రెండు పొయ్యిలూ బురదలో మునిగాయి. ఆ చలికాలమే, అక్కడ పేస్టీలు చేసే ఆమె మేనత్త ఐవీ పోయింది. పిండి రేకులో మాంసం, బంగాళాదుంప, టర్నిప్, ఉల్లి కూరి పేస్టీ అంచు మడవడంలో ఐవీ తర్వాతే కార్న్‌వాల్‌లో ఎవరైనా.

అయినా దుకాణం నడుస్తోంది. నడుస్తోందంటే, కాళ్లీడుస్తోంది.

ఐవీ మొగుడు హెడ్లీ. తగరం గనిలో ముప్ఫై ఏళ్లు చేశాడు. మాట తక్కువ. ఉన్న ఆ కాస్త మాటా పేస్టీని తిట్టడానికే దాచుకుంటాడు. రోజూ పన్నెండింటికి దుకాణానికి వస్తాడు. డబ్బిచ్చి, కాగితం సంచీలో పేస్టీ తీసుకుని, ఎదురుగా బల్ల మీద కూర్చుంటాడు.

"నాలుగు పౌండ్ల ఎనభై" అంటాడు ముందు. తర్వాత కొరుకుతాడు. "ఇందులో రెండు పౌండ్లు గాలికే."

పక్కన పెర్సీ ఉంటాడు. చేపల పడవ అమ్మేశాక అతనికి వినడమే పని.

"మాంసం ఉందట్రా ఇవాళ?"

"ఉంది. ఒక ముక్క. ఇప్పుడే మింగాను."

మా దగ్గర అంచు మడత చూసి ఎవరు చేశారో చెప్పేస్తారు, చేతిరాత చూసి చెప్పినట్టు. ఈ మడత మాత్రం ఎవరిదో అంతుపట్టలేదు. కెరెన్సాని అడిగితే "మనిషిని పెట్టుకున్నాను" అనేది. అంతే. తామర్ ఏటికి అవతల, పక్క జిల్లా డెవన్ వాడై ఉంటాడని ఊరు తేల్చింది. అంతకంటే పెద్ద తిట్టు మా వైపు లేదు.

"డెవన్ వాడేనంటావా?" అని పెర్సీ ఒకసారి అడిగాడు.

"పాపం, డెవన్ వాళ్లనెందుకు తిడతావు?" అన్నాడు హెడ్లీ.

తిట్టేవాడే కానీ, చిన్న తునక కూడా మిగిల్చేవాడు కాదు. ఆపైన బల్ల మీదే కునుకు.

"పొద్దున్నే గాలానికి పోదామని తలుపు కొడితే పలకవు. ఇక్కడికొచ్చి గురక. నీకు రోజుకి రెండు రాత్రులు కావాలిరా ముసలాడా" అనేవాడు పెర్సీ.

ఒక గురువారం బోడ్మిన్ పట్నం నుంచి ఒక హోటలాయన వచ్చాడు. పేరు కీస్ట్. ఆయనకి వారానికి రెండువందల పేస్టీలు కావాలి. బేరం కుదిరితే దుకాణం నిలుస్తుంది. కుదరకపోతే నెలాఖరుకి మూసెయ్యడమే. వీధిలో అందరికీ తెలుసు ఆ సంగతి.

ఆయన ఒకటి కొన్నాడు. బయటికొచ్చి, బల్ల మీదున్న హెడ్లీని అడిగాడు.

"ఎలా ఉంటాయండీ ఇక్కడివి?"

పెర్సీ గబుక్కున హెడ్లీ కాలు తొక్కాడు.

"కాలు తియ్యి" అన్నాడు హెడ్లీ. కీస్ట్ వైపు తిరిగాడు. "కుక్కకి పెట్టొచ్చు. బాగా ఆకలి మీదున్న కుక్కయితే."

కీస్ట్ నవ్వాడు. "అంత తప్పేముంది?"

"నాలుగున్నాయి. కత్తి మొద్దుది. టర్నిప్ తెగలేదు, చిరిగింది. మిరియాల పొడి దుంపల మీద చల్లాలి, మాంసం మీద గుమ్మరించారు. మడత పడవ తాడంత లావు, లోపల పిండి పచ్చి. కాలుతుండగా పొయ్యి తలుపు ఒకసారి తీశారు, అడుగు మెత్తబడింది."

"తలుపు తీసింది కూడా నాలిక్కి తెలుస్తుందా?"

"ఐవీ చేతి పేస్టీ నలభై ఏళ్లు తిన్న నాలుకండీ అది" అన్నాడు పెర్సీ, ఏడవలేక నవ్వుతూ.

కీస్ట్ తన పేస్టీ విరిచాడు. టర్నిప్ ముక్క వేళ్ల మధ్య పట్టి చూశాడు. చిరిగే ఉంది. అడుగు నొక్కాడు. మెత్తగా దిగింది. లోపలికెళ్లి కెరెన్సాతో అన్నాడు:

"రేపు పదింటికి మళ్లీ వస్తాను. ఆ పెద్దాయన చెప్పిన నాలుగూ సరిచేసి ఉంటే రెండువందలు. లేకపోతే నా దారి నాది."

కారు మలుపు తిరిగింది. వీధి వీధంతా హెడ్లీ మీద పడింది.

"చంపేశావు కదరా ఆ పిల్లని!" పెర్సీ లేచి నిలబడ్డాడు. "నీ పెళ్లాం మేనకోడలు. ఒక్క పూట, ఒక్క మాట, బాగుందంటే నీ పళ్లు రాలిపోతాయా?"

"బాగాలేదు కదా."

"ఐవీ ఉంటే నీ మొహాన ఉమ్మేది."

"ఐవీ ఉంటే పేస్టీ ఇలా ఉండేది కాదు."

చేపల కొట్టు ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "అన్నీ తెలిసినవాడివి, నువ్వే చేసి చూపించవయ్యా! నోరు ఆడించడం కాదు, చేతులు ఆడించు!"

అందరూ నవ్వారు. హెడ్లీ కాగితం సంచీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కెరెన్సా గుమ్మంలోకొచ్చింది. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

"విన్నావుగా మామయ్యా. నాలుగు."

"చెప్పింది నేనేగా."

"రేపు పదింటికి."

"చెవులున్నాయి నాకు" అని హెడ్లీ ఇంటిదారి పట్టాడు.

పెర్సీకి ఆ పిల్లని చూస్తే జాలేసింది. ఇలాంటివాణ్ణి ఇంకా మామయ్యా అని పిలుస్తోంది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి హెడ్లీ, ఐవీ పోయిన దగ్గర్నుంచి రోజూ తీస్తున్నట్టే దుకాణం వెనక తలుపు తీసి, మేకుకి వేలాడుతున్న ఆమె ఏప్రన్ కట్టుకుని, అన్నిటికంటే ముందు టర్నిప్ తరిగే ఆ మొద్దు కత్తికి సాన పట్టాడు.