తోడు పేడ

డెయిరీ యజమాని పుల్ల మీద పుల్ల గీశాడు. పుల్లలు వెలిగాయి గానీ పొయ్యి వెలగలేదు.

గోబర్ గ్యాసు చచ్చి అది రెండో రోజు.

"ఇది మా అన్న పనే," అన్నాడు.

"ఆయన ఇటు కాలు పెట్టి ఏళ్లయింది కదండీ," అంది భార్య.

"కాలెందుకు, మనిషిని పంపితే చాలదా? కట్టెల మీద మనం ఎన్నాళ్లు పాలు కాస్తాం? ఆసుపత్రికి పాలు రెండ్రోజులు ఆలస్యమైతే ఆ కాంట్రాక్టు ఎవరికి పోతుంది?"

పంపకాల దగ్గర చెడిన అన్నదమ్ములు. పక్క ఊళ్లో అన్నకూ డెయిరీ ఉంది, గ్యాసు గుంట ఉంది. తమ్ముడు అన్న పెళ్లికి కూడా వెళ్లలేదు.

గేటు ముందు ఆటో ఆగింది. మోచేతుల దాకా పేడ మరకలున్న ఒకామె నాలుగు పాల క్యాన్లు దించింది. మూత తీస్తే చిక్కటి పేడనీళ్లు.

"మీ గుంటలో కలపండి. రేపు మళ్లీ తెస్తాను."

"ఎవరు పంపారు?"

"చెబితే పుచ్చుకోరు. పొయ్యి వెలిగాక చెబుతాను."

తాను పుచ్చుకోని సరుకు లోకంలో ఒక్కరిదే.

"మొదటి దెబ్బ చాల్లేదటా మీ అయ్యగారికి? జీతమెంతిస్తున్నాడు?"

ఆమె నవ్వింది. "తిండి పెడుతున్నార్లెండి."

నాలుగు క్యాన్లూ రోడ్డు మీద బోర్లించాడు. ఆమె ఖాళీ క్యాన్లు ఆటోలో పెట్టుకుంది.

అంతటితో అతనికి లెక్క తేలలేదు. మొన్న తనిఖీకి పశువుల పాక కడగ్గా మిగిలిన ఫినాయిల్ డబ్బా మూలనుంది. పురుగుల్ని చంపేది గుంటను మాత్రం బతకనిస్తుందా?

అన్న పాలు వెయ్యడానికి వెళ్లే వేళ చూసి పక్క ఊరు వెళ్లాడు. డబ్బా మొత్తం అన్న గుంటలో ఒంపాడు. తిరుగుదారిలో ఈల కూడా వేశాడు.

"వడ్డీతో సహా తీర్చేశాను," అన్నాడు భార్యతో.

సాయంత్రం గ్యాసు మెకానిక్ వచ్చాడు. గుంట మీదికి వంగి వాసన చూశాడు.

"పాక దేంతో కడిగించారండీ?"

"ఫినాయిల్‌తో."

"ఆ నీళ్లెటు పోతాయి?"

యజమాని చూపు పాక కాలువ వెంటే వెళ్లి గుంట దగ్గర ఆగింది.

"అదీ సంగతి. గ్యాసు పుట్టించే క్రిములన్నీ చచ్చాయి. పాలకు తోడేసినట్టు, బతికున్న గుంటలోది తెచ్చి దీంట్లో వెయ్యాలి. చుట్టుపక్కల అలాంటిది మీ అన్నగారిదొక్కటే."

యజమాని పక్క ఊరి దారి వైపు చూశాడు.

"అలా చూస్తారేంటండీ? నిన్న మీరు ఫోన్ చెయ్యగానే వాళ్లనడిగాను. పొద్దున్నే నాలుగు క్యాన్లు తనే తెచ్చిస్తానన్నారు మీ వదినగారు, రాలేదా?"