ఓట్లు లెక్కపెట్టిన మనిషి

ఓట్లు లెక్కపెట్టడానికి ఏ కులానికీ, ఏ జిల్లాకీ చెందని తెలుగువాడు కావలసివచ్చాడు.

అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగు సంఘంలో అలాంటివాడు దొరకడం కష్టమే. 1983లో అధ్యక్ష పదవికి మొదటిసారి పోటీ వచ్చింది. ఒకవైపు డాక్టర్ వాసుదేవరావు, మరోవైపు కార్ల కంపెనీ ఇంజనీరు యజ్ఞనారాయణ. ఎవరు లెక్కపెట్టినా రెండో పక్షం నమ్మదు.

కార్యదర్శి జగదీష్‌కు తన వీధిలో ఉండే సింహాద్రి గుర్తొచ్చాడు. నర్సుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటాడు ఆ ముసలాయన. ఆయన తాతలు ఎప్పుడో చెరుకుతోటల పనికి ఓ చిన్న దీవికి వెళ్ళి అక్కడే ఉండిపోయారట.

జగదీష్‌కు ఎవరు గెలిచినా ఒకటే. సంఘం చీలకూడదు, అంతే. చీలితే ఆదివారం తెలుగు క్లాసు పోతుంది. ఆ క్లాసు పుణ్యమా అని కూతురు మీనా ఇంట్లో నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడుతోంది.

చర్చి బేస్‌మెంట్‌లో బ్యాలట్ పెట్టె ముందు సింహాద్రిని కూర్చోబెట్టారు.

"మీ దీవిలోనూ ఎలక్షన్లుంటాయా అంకుల్?" అన్నాడు వాసుదేవరావు.

"ఉంటాయి బాబూ. పార్లమెంటుకి."

"పార్లమెంటే! అంతా కలిసి ఒక స్టేషన్ వేగన్‌లో పట్టేస్తారేమో."

"రెండు కావాలి బాబూ. ఓడినోళ్ళూ గెలిచినోళ్ళూ ఒక బండెక్కరు గదా."

అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

లెక్క తేలింది. యజ్ఞనారాయణ నాలుగు ఓట్ల తేడాతో గెలిచాడు.

"రీకౌంట్ చెయ్యండి," అన్నాడు వాసుదేవరావు.

సింహాద్రి విసుక్కోకుండా మళ్ళీ లెక్కపెట్టాడు. అదే తేడా.

జగదీష్ మైకు అందుకోబోతుంటే సింహాద్రి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ కబురు ఓడినాయన చేత చెప్పించు నాయనా. గెలిచినోడి తరఫున చెబితే సగం మందికే వినబడుద్ది."

వాసుదేవరావు మొహం ఎర్రబడింది.

"ఓడింది చాలక నేనే దండోరా వెయ్యాలా? మీ దీవి మొత్తం కలిపినా మా గుంటూరులో ఒక పేటంత ఉండదు. మాకు చెప్పొచ్చారు."

"అంకుల్, మీరు కాఫీ తాగండి," అని జగదీష్ ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి ఫలితం తనే చదివాడు.

చప్పట్లు ఆగేసరికి సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఉగాదికి ట్రాయ్‌లో రెండు సంఘాలు తయారయ్యాయి. ఒకేరోజు, రెండు హాళ్ళలో, రెండు పచ్చళ్ళు. క్లాసు చెప్పే కామేశ్వరి వాసుదేవరావు భార్య. ఆవిడ రావడం మానేసింది.

"డాడీ, టెలుగు క్లాస్ లేదా? గుడ్," అంది మీనా, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ ఏడాది చలికాలం, పొద్దున్నే ఆఫీస్‌కి బయల్దేరిన జగదీష్‌కు సింహాద్రి మంచు ఎత్తిపోస్తూ కనిపించాడు.

"మీ దీవిలో కూడా ఇలా చీలిపోతారా అంకుల్?"

"చీలడమా? కొంపలు తగలబెట్టుకోబోయారు నాయనా. తర్వాత మానుకున్నారు."

"ఎలా మానుకున్నారు?"

ముసలాయన పారను మంచులో గుచ్చి నిలబడ్డాడు, తీరిగ్గా చెప్పేవాడిలా. ఇంతలో కార్‌పూల్ వచ్చి హారన్ కొట్టింది.

"సాయంత్రం వస్తాను అంకుల్, అప్పుడు చెబుదురుగాని," అని జగదీష్ కారెక్కాడు.

ఆ సాయంత్రం వెళ్ళలేదు. మర్నాడూ కుదరలేదు. ఆ నెల్లోనే సింహాద్రికి గుండెపోటు వచ్చింది.

ఫ్యూనరల్ హోమ్‌కు రెండు సంఘాల నుంచీ వెళ్ళింది జగదీష్ ఒక్కడే. ఆయన కూతురు ఒక మూల కూర్చుని ఉంది. శవపేటిక పక్కన, నల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మీరు బంధువులా?" ఇంగ్లీషులో అడిగాడు జగదీష్.

"కాదు. ఈయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాను."

"స్నేహితులా?"

ఆయన పేటిక మీద చెయ్యి ఆనించాడు.

"పార్లమెంటు ఎన్నికల్లో ఈయన్ని ఓడించింది నేనే," అన్నాడు. "తను కళ్ళెదుట ఉన్నంతకాలం తనవాళ్ళు నా మాట వినరని, ప్రధానమంత్రి బంగళా తాళాలు నా చేతికిచ్చి, ఆ వారమే దేశం వదిలి ఇక్కడికొచ్చేశాడు."